ఆ రాత్రి ఏం జరిగిందో రాయండి

(ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడు తిరుపతిలో డిగ్రీ, పీజీ తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనకున్న పిల్లలు కాస్త ముందుకు రండి, ముందు వరసలు ఖాళీగా ఉన్నాయి. మైకు అందరికీ వినబడుతోందా? సరే.

ఈ రోజు మార్చి 27. 1962 నుంచి ఈ తేదీని ప్రపంచ రంగస్థల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఇంకో మూడు వారాల్లో, ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం పంతులుగారి పుట్టినరోజున మన తెలుగు నాటకరంగ దినోత్సవం వస్తుంది. ఆలోగా ఏదైనా ఒక ప్రదర్శన చూసి వ్యాసం రాసుకు రమ్మని మీ మాస్టర్లు చెప్పారట. అది ఎలా రాయాలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. కొంచెం ఎక్కువసేపు మాట్లాడితే ఓపిక పట్టండి.

ఇలాంటి వ్యాసాలు నేను చాలా ఏళ్ళుగా దిద్దుతున్నాను. నాటకం పేరు మారుతుంది గానీ వ్యాసం మారదు. మొదటి పేరాలో ‘కావ్యేషు నాటకం రమ్యం’ ఉంటుంది. రెండో పేరాలో నాటకం సమాజానికి అద్దం పడుతుంది. మూడో పేరా నుంచి కథ మొదలై ఆరేడు పేజీలు నడుస్తుంది. ఆఖరి పేజీలో నటీనటులు పాత్రల్లో జీవించారు, సంగీతం వీనుల విందుగా ఉంది, లైటింగ్ చక్కగా కుదిరింది, ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు. అయిపోయింది. రాసిన అమ్మాయి నాటకానికి వెళ్ళిందో లేదో ఆ వ్యాసం చదివితే నాకు తెలియదు. గైడు ముందు పెట్టుకుని హాస్టల్ గదిలో కూర్చుని కూడా ఆ పది పేజీలు రాయొచ్చు. నన్ను బాధపెట్టేది ఇదే. వెళ్ళి, తెల్లారేదాకా మేలుకుని, కళ్ళు ఎర్రబడేలా చూసి వచ్చిన పిల్లలు కూడా అచ్చం అలాగే రాస్తున్నారు. చూసింది వాళ్ళ దగ్గరే ఉండిపోతోంది, కాగితం మీదికి రావడం లేదు.

నాటకం పుస్తకం లైబ్రరీలో ఉంటుంది. ఇవాళ కాకపోతే పదేళ్ళ తర్వాత చదువుకోవచ్చు. ఆ రాత్రి జరిగిన ఆట మాత్రం తెల్లారేసరికి ఉండదు. రెండో రోజు అదే ఊళ్ళో, అదే వేషగాళ్ళు ఆడినా అది వేరే ఆట. స్థానం నరసింహారావుగారి పేరు మీరు విన్నారు. 1902లో పుట్టి 1971లో పోయారు. మగవాడై ఉండి సత్యభామగా, మధురవాణిగా రంగస్థలాన్ని ఏలారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో ‘మీరజాలగలడా’ పాటను ఆయన ఒక్కో రకంగా అభినయిస్తుంటే జనం మళ్ళీ మళ్ళీ పాడించుకునేవారని చెబుతారు. పాట ఇప్పటికీ మన దగ్గర ఉంది. ఆయన మెడ ఎలా తిప్పారు, జడ ఎలా పట్టుకున్నారు, ఏ మాట దగ్గర ఆగారు అన్నవి ఎక్కడున్నాయి? చూసినవాళ్ళు రాసిన చోట మాత్రమే ఉన్నాయి. ‘అద్భుతంగా నటించారు’ అని రాసినవాళ్ళ వల్ల మనకు ఏమీ మిగల్లేదు. ‘ఇక్కడ ఇలా చేశారు’ అని రాసినవాళ్ళ వల్లే ఆయన మనకు కొంచెమైనా కనబడుతున్నారు. మీరు రాయబోయే వ్యాసం విలువ అది. పరీక్ష కోసం రాస్తున్నా సరే, మీ పల్లెలో ఆడిన ఆట గురించి ఈ లోకంలో మిగిలే ఒకే ఒక్క కాగితం అదే కావచ్చు.

మీలో చాలామంది పద్యనాటకమే చూసి ఉంటారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. చిత్తూరు పక్క పల్లెల్లో ‘సత్య హరిశ్చంద్ర’ ఇప్పటికీ ఆడుతున్నారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. జనం ఎదురుచూసేది కాటిసీను కోసం. నిద్రపోతున్న పిల్లల్ని కూడా ఆ సీనుకు తట్టి లేపుతారు. రాజ్యం పోయి, వీరబాహుడికి అమ్ముడుపోయి, శ్మశానానికి కాపలా కాస్తున్న హరిశ్చంద్రుడు వచ్చి ‘ఇచ్చోట...’ అని పద్యం ఎత్తుకుంటాడు. గొప్ప కవి కలం ఇక్కడే నిప్పుల్లో కరిగిపోయింది, భూములేలిన రాజు ముద్రిక ఇక్కడే అంతరించింది అని ఆ పద్యం నడుస్తుంది. జనం ‘వన్స్‌మోర్’ అంటారు. ఇప్పుడు మీరు ఇంటికొచ్చి బలిజేపల్లి వారి పుస్తకం తీసి ఆ పద్యం కోసం వెతకండి. దొరకదు. ఎందుకంటే అది ఆయనది కాదు. గుర్రం జాషువాగారి ‘శ్మశానవాటి’ లోది. నటులు తీసుకొచ్చి కాటిసీనులో పెట్టారు, జనం ఒప్పుకున్నారు, ఇప్పుడు అది లేకపోతే కాటిసీనే లేదంటారు.

ఇది తెలిసిన క్షణాన మీ వ్యాసానికి ప్రాణం వచ్చినట్టే. ‘సత్య హరిశ్చంద్ర నాటకంలో కరుణరసం’ అని పది పేజీలు రాసే బదులు ఈ ఒక్క ప్రశ్న పట్టుకోండి: జాషువా పద్యాలు వచ్చి చేరాక ఆ సీను ఏమైంది? బలిజేపల్లి వారి హరిశ్చంద్రుడి దుఃఖం ఆయన సొంత కథలోది. సత్యం కోసం రాజ్యాన్నీ ఆలుబిడ్డల్నీ పోగొట్టుకున్న మనిషి దుఃఖం. జాషువా పద్యాలు ఆ మనిషి గురించి మాట్లాడవు. కవి, రాజు, కొత్తగా పెళ్ళయిన ఇల్లాలు అందరూ వచ్చి కలిసేది ఇక్కడే అని మాట్లాడతాయి. చావు దగ్గర హెచ్చుతగ్గులు లేవంటాయి. ఆ మాటలు అంటరానితనాన్ని అనుభవించిన కవి రాసినవి. పలుకుతున్నది కాటికాపరిగా బతుకుతున్న ఒకప్పటి చక్రవర్తి. వింటున్నది ఊరి జనం, అందులో ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళు, ఊరి బయట ఇళ్ళున్నవాళ్ళు అందరూ ఉన్నారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూశారా? ఏ చరణం దగ్గర ఏ పక్క నుంచి చప్పట్లు వచ్చాయో విన్నారా? అది రాయండి. ఏ గైడులోనూ దొరకదు.

అలా రాయాలంటే మాటల విషయంలో కొంచెం కఠినంగా ఉండాలి. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: ‘కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారి తన అద్భుత నటనతో ప్రేక్షకుల చేత కంటతడి పెట్టించారు.’ ఈ వాక్యంలో తప్పు లేదు. సమాచారం కూడా లేదు. ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ‘నాయనా, ఎప్పుడు ఏడ్చారు? పద్యానికా, పద్యం అయిపోయాకా?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, పద్యానికి కాదు సార్ అన్నాడు. మరి ఎప్పుడు అంటే నెమ్మదిగా అంతా చెప్పుకొచ్చాడు. చంద్రమతి కొడుకు శవాన్ని మోసుకొచ్చి కింద పెట్టింది. హరిశ్చంద్రుడు ఆమె వైపు చూడలేదు. వీపు ఇటు తిప్పి నిలబడే కాటిసుంకం అడిగాడు. ఆమె లేదంది. అప్పుడు తిరిగి, మెడలో తాళి ఉంది కదా, అది అమ్మి కట్టు అన్నాడు. ఆ తాళి భర్తకు తప్ప ఇంకెవరికీ కనబడదని కథ. అందుకే ఆ మాటతో ఆమెకు ఎదుట ఉన్నది ఎవరో తెలిసిపోయింది. అక్కడ హార్మోనియం ఆయన అలవాటు ప్రకారం రాగం అందుకోబోయాడట. హరిశ్చంద్రుడు వేషం వేసినాయన అటు తిరక్కుండానే చెయ్యి కొంచెం ఎత్తి ఆపాడట. కాసేపు పాట లేదు, మాట లేదు. నా పక్కన కూర్చున్న ముసలామె ఏడ్చింది అప్పుడే సార్ అన్నాడు.

చూడండి, ఎంత చూశాడో! చెయ్యి ఎత్తి హార్మోనియం ఆపడం కూడా గమనించాడు. అంత గమనించిన పిల్లవాడు కాగితం దగ్గరికి వచ్చేసరికి ‘అద్భుత నటన’ అని ఎందుకు రాశాడు? వ్యాసం అంటే అలాంటి మాటలే ఉండాలని మనం నేర్పాం కాబట్టి. అతను నోటితో చెప్పినదాన్నే వరసగా రాయించాను. పేజీన్నర వచ్చింది. ఆ ఏడాది నేను చదివిన వ్యాసాల్లో అదే మంచిది.

ఇంకో సంగతి. పల్లె నాటకంలో మధ్యలో చదివింపులు వస్తాయి. ఎవరో లేచి వచ్చి వంద రూపాయలో రెండొందలో ఇస్తారు. పద్యం ఆపి, మైకు ముందుకొచ్చి ఫలానా వారు చదివించారని చెప్పి, మళ్ళీ సీనులోకి వెళతారు. ఇది నాటకానికి అడ్డమని మీరు వ్యాసంలో వదిలేస్తారు. వదలొద్దు. సుంకం కట్టడానికి పైసా లేని కథలో నిలబడి నోటు అందుకుని, మరుక్షణం మళ్ళీ కాటికాపరిగా మారిపోవడం తేలికైన పని కాదు. జనం కూడా ఆ రెంటినీ ఏ ఇబ్బందీ లేకుండా చూస్తారు. ఆయన ఎవరో, ఏ ఊరో, పగలు ఏం పని చేస్తాడో వాళ్ళకు తెలుసు. అయినా ఏడుస్తారు. సినిమా చూసే కళ్ళతో వెళితే ఇది లోపంలా కనబడుతుంది. పద్యనాటకానికి దాని లెక్కలు దానికి ఉన్నాయి.

మాటల్లో మాట, ‘రాయబారం’ పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులు మన ఊరివాళ్ళని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తారు. దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు గోదావరి జిల్లాల వాళ్ళు. నిజంగా మన జిల్లావాడని చెప్పుకోవాలంటే ఆత్రేయగారున్నారు. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టారు. అప్పుడు అది నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. సినిమా పాటల ఆత్రేయ అందరికీ తెలుసు. ‘ఎన్.జి.ఓ.’, ‘కప్పలు’ రాసిన నాటకాల ఆత్రేయ మీద మన పిల్లలు రాసిన వ్యాసం ఒక్కటీ నా చేతికి రాలేదు. ఎవరైనా ఆ నాటకాలు ఆడితే తప్పక వెళ్ళండి.

పుస్తకంలో ఉన్నదెంత, ఆటలో వచ్చిందెంత అన్న తేడా పద్యనాటకానికే కాదు. ‘కన్యాశుల్కం’ తీసుకోండి. 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడవారు దాన్ని బాగా మార్చి పెంచి 1909లో మళ్ళీ వేశారు. ఆ రెండో కూర్పునే మనం చదువుకుంటున్నాం. దాన్ని మొత్తం ఆడాలంటే ఒక రాత్రి సరిపోదేమో. కాబట్టి ఆడే ప్రతి నాటక సమాజమూ కత్తిరించుకుంటుంది. మీరు చూసిన ప్రదర్శనలో ఏం పోయింది? మధురవాణి, సౌజన్యారావు మాట్లాడుకునే ఘట్టం ఎంత ఉంచారు? దాన్ని తగ్గించి గిరీశం సీన్లు అన్నీ ఉంచితే అది గిరీశం నాటకం అవుతుంది. అలా చేయడం తప్పని నేననను, కానీ ఎవరో కూర్చుని అలా నిర్ణయించారు. మీ వ్యాసం ఆ నిర్ణయాన్ని పట్టుకోవాలి. ఇక చివరి మాట, ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’. పుస్తకంలో ఆ మాటతో తెర పడుతుంది. దాన్ని ఎలా అనాలో నటుడు తేల్చుకోవాలి. చప్పట్ల కోసం జనం వైపు తిరిగి గట్టిగా అనొచ్చు. తనలో తాను గొణుక్కోవచ్చు. మొదటి రకంగా అంటే గిరీశం రేపు ఇంకో ఊళ్ళో ఇంకో కథ మొదలుపెడతాడని మనకు తెలిసిపోతుంది. రెండో రకంగా అంటే ఒక్క క్షణమైనా దెబ్బ తగిలిందనిపిస్తుంది. మీరు చూసిన గిరీశం ఏం చేశాడు? ఈ ఒక్క మాట మీద రెండు పేజీలు రాయొచ్చు. నేను సంతోషంగా చదువుతాను.

కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ సంగతి కూడా చెప్పాలి. వేశ్యావ్యసనం సంసారాల్ని ఎలా కూలుస్తుందో చూపించాలని ఆయన రాశారు. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి అనే వైశ్యుడి పాత్ర చుట్టూ నటులు సొంతంగా కలుపుకున్న హాస్యం పెరిగిపోయింది. చాలాచోట్ల అది బూతులోకి దిగింది. మమ్మల్ని కించపరుస్తున్నారని ఒక సామాజిక వర్గం ఎన్నో ఏళ్ళు అభ్యంతరం చెప్పింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. దీని మీద రాసేటప్పుడు తొందరపడి ఒక పక్షం తీసుకోకండి. ముందు పుస్తకం చదవండి. సుబ్బిశెట్టి చేత రచయిత ఏం అనిపించాడో రాసుకోండి. తర్వాత నాటకాలు ఆడిన పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వేదిక మీద ఏం కలిపేవారో అడగండి. ఏ మాట ఎవరిదో తేలాకే మీ అభిప్రాయానికి బరువొస్తుంది. నా మటుకు నేను, కించపడ్డామన్నవాళ్ళ బాధా నిజమే, రచయిత ఉద్దేశమూ నిజమే అనుకుంటాను. రెంటి మధ్యలో ఉన్నది ప్రదర్శన. మనం రాయాల్సింది దాని గురించే.

నాటకం గురించి రాయడానికి మన దగ్గర భరతుడిచ్చిన నాలుగు మాటలున్నాయి: ఆంగికం అంటే ఒంటి కదలిక, వాచికం అంటే మాట, ఆహార్యం అంటే వేషం, సాత్త్వికం అంటే లోపలి భావం బయటికి కనబడటం. మీరు వీటిని నాలుగు హెడ్డింగులు చేసి ఒక్కోదాని కింద రెండు వాక్యాలు రాస్తారు. అలా కాకుండా ఒకటి ఇంకోదాన్ని ఎలా నడిపిస్తోందో చూడండి. మన వైపు వీధినాటకంలో వేషం చూశారు కదా. చెక్కతో చేసి అద్దాలు పొదిగిన కిరీటం, భుజాల మీద భుజకీర్తులు, కాళ్ళకు గజ్జెలు. అంత బరువు మోస్తున్న మనిషి చేతులు స్వేచ్ఛగా పైకి ఎత్తలేడు. మరి కోపం ఎలా చూపిస్తాడు? గిర్రున తిరుగుతాడు, నేల అదిరేలా అడుగు వేస్తాడు. అక్కడ ఆహార్యం ఆంగికాన్ని తయారుచేసింది. నాకు అలా అనిపిస్తుంది, మీరు చూసి కాదనండి, కారణం చెప్పండి. పక్కనే ఉన్న తమిళ ఊళ్ళలో తెరుక్కూత్తు అనే వాళ్ళ వీధినాటకం ఆడతారు. వీలైతే అదీ చూసి పోల్చండి. మన జిల్లాలో పుట్టినవాళ్ళకు ఆ అవకాశం చేతికందే దూరంలో ఉంది.

ఇక భారతం. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళో పుట్టిన పిల్లలు మీలో ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ఎంతమందో! మీకు తెలియకుండానే మీరు పెద్ద నాటకం మధ్యలో పెరిగారు. ఎండాకాలం వస్తే ‘మా ఊళ్ళో భారతం పెట్టారు’ అంటాం. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పొద్దున హరిదాసు చెప్పిన కథే రాత్రి వేషాలతో వస్తుంది. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, వస్త్రాపహరణం, అర్జునుడి తపస్సు, అలా నడిచి ఆఖరి రోజు దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. ఇంత ఉంటే, నాటకం చూడాలంటే మహతి ఆడిటోరియంలో ప్రోగ్రాం కోసం ఎదురుచూడాలని మీరు అనుకుంటున్నారు. మహతికి తప్పకుండా వెళ్ళండి. సురభివాళ్ళు ఎక్కడికి వచ్చినా వెళ్ళండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సమాజం వాళ్ళది. కానీ ఇంటి ముందు ఆడుతున్నదాన్ని నాటకం లెక్కలోంచి తీసేయకండి.

తపస్సు మాను దగ్గర నిలబడి చూడండి. ఊరి బయట ఎత్తైన మాను పాతుతారు. అర్జునుడి వేషం వేసినాయన పాటలు పాడుతూ మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను కింద సాగిలపడి ఉంటారు. పైకి చేరాక ఆయన విభూతి, నిమ్మకాయలు కిందికి వేస్తాడు. అవి అందుకోవడానికి కొంగులు చాపుతారు. ఇప్పుడు చెప్పండి, ఆ మాను మీద ఉన్నది ఎవరు? కింద ఉన్న ఆ అమ్మకు ఆయన నటుడా, అర్జునుడా? ఆమె ప్రేక్షకురాలా, పాత్రా? పాశుపతం కోసం తపస్సు చేసే కథలో బిడ్డల కోసం మొక్కు ఎలా వచ్చి కలిసింది? నాటకానికీ పూజకూ మధ్య గీత ఎక్కడ గీస్తాం, గీయాల్సిన అవసరం ఉందా? పీజీ పిల్లలకు చెబుతున్నాను, ఇందులో పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్నలున్నాయి.

దుర్యోధన వధ రోజు నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేస్తారు. పడుకున్న బొమ్మ. దాని చుట్టూ భీముడు, దుర్యోధనుడు వేషాలు పరుగెత్తుతూ తిట్టుకుంటూ ఉంటారు. జనం కూడా వాళ్ళతో పాటు జరుగుతూ ఉంటారు. కుర్చీలు లేవు, తెర లేదు. చివరికి భీముడు తొడ మీద కొడితే అందులో దాచిన ఎర్రనీళ్ళు బయటికొస్తాయి. ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. దీని గురించి రాసేటప్పుడు కథ చెప్పడానికి పేజీలు ఖర్చు చేయకండి, భారతం అందరికీ తెలుసు. మీరు ఎక్కడ నిలబడ్డారో రాయండి. బొమ్మకు తల వైపు నిలబడినవాళ్ళకు కనబడిందీ, కాళ్ళ వైపు నిలబడినవాళ్ళకు కనబడిందీ ఒకటి కాదు. ద్రౌపది జుట్టు ముడి వేసేటప్పుడు మీ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏమన్నారో రాయండి.

మన తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. ఆడవాళ్ళను వేధించి, తనకు భయపడి దాక్కున్న పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు వేసిన వేషాలే ఊరంతా వేసుకుంటుంది. బైరాగి వేషానికి ఒంటికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. దొర వేషం నాడు పాలెగాడి కథ ముగుస్తుంది. మరునాడు మాతంగి. వరసగా ఇన్ని రోజులు ఒకే కథ ఊరి వీధుల్లో నడుస్తుంటే, వీధే రంగస్థలం అని రాసి ఊరుకోకండి. అమ్మవారి వేషం ఏ వీధిలో ఆగింది, ఏ గడప ముందు హారతి పట్టారు, ఆ ఇంటివాళ్ళు ఎలా నిలబడ్డారు అన్నది రాయండి. అయితే ఒక్క జాగ్రత్త. అక్కడ మీరు పరిశోధకులు కావచ్చు, పక్కనున్న మనిషి మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. అడగకుండా ముఖం మీద ఫోను పెట్టి ఫోటో తీయకండి.

ఫోను మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నాటకం అంతా వీడియో తీసుకుని ఇంటికొచ్చి చూసి రాద్దామనుకుంటారు. ఫోను పట్టుకుంటే మీరు ఫోను తెరనే చూస్తారు. ఒక మూల మాట్లాడుతున్న పాత్ర మీద కెమెరా ఉంటే, రెండో మూల మౌనంగా నిలబడిన పాత్ర ఏం చేస్తోందో పోతుంది. నాటకంలో సగం అక్కడే ఉంటుంది. జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. చీకట్లో వాక్యాలు రాయక్కర్లేదు. ‘తాళి – వీపు – చెయ్యి ఎత్తాడు’ అని మూడు మాటలు గీకినా చాలు. ఇంటికి రాగానే, నిద్ర ఎంత ముంచుకొస్తున్నా, అరగంట కూర్చుని వాటిని విప్పి రాయండి. తెల్లారి లేచేసరికి మీరు చూసిన దాని మీద అంతకు ముందు చదివిన మాటలు వచ్చి కూర్చుంటాయి.

రాయడం మొదలుపెట్టినప్పుడు మీకు అర్థం కాని చోటు నుంచి మొదలుపెట్టండి. అంత ఏడుపు సీనులో జనం ఎందుకు నవ్వారు? ఆ నటుడు ఆ మాటకు ముందు ఎందుకు అంతసేపు ఆగాడు? అలాంటి ఒక్క ప్రశ్న ఉంటే కథ ఎంత చెప్పాలో దానంతట అదే తేలిపోతుంది, నాలుగైదు వాక్యాలకు మించదు. వ్యాసంలో ‘నేను’ అని రాయకూడదని మీకు చెప్పి ఉంటారు. ఇక్కడ కూర్చున్న అధ్యాపక మిత్రులకు ఈ విషయంలో నాది విన్నపం. ప్రదర్శన మీద రాసే వ్యాసంలో ‘నేను మూడో వరసలో కూర్చున్నాను, నాకు ఇది వినబడలేదు’ అన్న వాక్యం సాక్ష్యం. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేస్తే మిగిలేది గైడు. అలాగే పేజీల లెక్కన మార్కులు వేయడం మానేద్దాం. పది పేజీలు అడిగితే పిల్లలు కథ పోసి నింపుతారు, వాళ్ళ తప్పేముంది?

బాగాలేనిది బాగాలేదని రాయొచ్చా అని పొద్దున ఒకమ్మాయి అడిగింది. రాయొచ్చమ్మా, రాయాలి. కాకపోతే ‘నటన తేలిపోయింది’ అని తీర్పు చెప్పి వెళ్ళిపోవద్దు. ద్రౌపది పాత్ర వేసినాయన గొంతు రెండో అంకానికే బొంగురుపోయింది అనుకోండి. అంతకు ముందు రాత్రి కూడా ఆయన ఇంకో ఊళ్ళో తెల్లారేదాకా పాడి వచ్చాడేమో కనుక్కోండి. మైకులు రెండే ఉండి, వాటి కింద నిలబడటానికే పాత్రలన్నీ ఒకే వరసలోకి వచ్చాయేమో చూడండి. కారణం తెలిస్తే విమర్శ పదునెక్కుతుంది, అన్యాయం తగ్గుతుంది. దానికి ఒకటే దారి. ఆట అయిపోయాక వెంటనే బస్సు కోసం పరుగెత్తకండి. రంగు కడుక్కుంటున్న చోటికి వెళ్ళండి. ‘అన్నా, ఆ చోట హార్మోనియం ఎందుకు ఆపించావు?’ అని అడగండి. వాళ్ళు సంతోషంగా చెబుతారు. వాళ్ళను అలా అడిగేవాళ్ళు చాలా తక్కువ.

పేర్లు రాయండి. మేం ముఖ్య పాత్రధారుల పేర్లే రాస్తాం అంటారు. హార్మోనియం ఎవరు వాయించారు, మద్దెల ఎవరిది, రంగు ఎవరు వేశారు, ఆ పద్యాలు వాళ్ళకు ఎవరు నేర్పారు? వాళ్ళను అడిగి, సరే అంటే ఆ పేర్లు కూడా రాయండి. ఏ ఊరు, ఏ గుడి ముందు, ఏ తేదీ, ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగిసింది, అదంతా మొదటి పేజీలో ఉండాలి. వ్యాసం దిద్దించుకుని మార్కులు వచ్చాక ఒక జిరాక్సు తీసి ఆ ఊరికి వెళ్ళి, ఆడినవాళ్ళకు ఇవ్వండి. వాళ్ళు చదివి, మీరు తప్పు రాసిన చోట తప్పని చెబుతారు. దాన్ని కూడా దిద్దుకుని రెండో ప్రతి మన డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో పెట్టండి. వచ్చే ఏడాది పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇప్పుడు మీరు అడగండి. ఆ కిటికీ పక్కనున్న బాబు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తుతున్నాడు, ముందు అతనికి మైకు ఇవ్వండి.